పంక్తిలో అడగరాని మాట

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా అమ్మాయి ఉన్నట్టుండి, "నాన్నా, కోజోన్స్ అంటే ఏమిటి?" అన్నది. ఏదో ఇంగ్లీషు నవలలో తగిలిందట. పక్కనే మా అమ్మ మజ్జిగ పోసుకుంటున్నది. నేను ముద్ద మింగి, "ధైర్యమమ్మా, స్పానిష్ మాట" అన్నాను. సగం నిజమే గదా అనుకున్నాను.

"అయితే రేపు కాలేజీ వక్తృత్వపు పోటీలో ఝాన్సీ లక్ష్మీబాయి గురించి చెప్పేటప్పుడు వాడతాను" అన్నది. నాకు పొలమారింది.

చెయ్యి కడుక్కుని దాన్ని పెరట్లోకి పిలిచి మిగిలిన సగం కూడా చెప్పవలసి వచ్చింది. పెద్దలు మన్నిస్తే ఇక్కడా చెబుతాను.

మొదట ఉచ్చారణ. స్పానిష్‌లో ఆ 'జ' గొంతులోంచి వచ్చే 'హ' అవుతుంది కనుక అది 'కొహోనెస్'. ఇంగ్లీషువాళ్ళే కొందరు అక్షరం తప్పి 'కహోనెస్' అని రాస్తారు. అప్పుడు దాని అర్థం బల్లకుండే సొరుగులు! అసలు అర్థం మాత్రం వృషణాలు. లాటిన్‌లో తోలుసంచి అనే మాటతో దీనికి చుట్టరికం ఉన్నదంటారు. స్పెయిన్‌లో ఇది బజారు మాట. కాస్త తోకలు తగిలిస్తే చాలు, బ్రహ్మాండమైనదనీ అర్థం వస్తుంది, హడలిపోయినవాడనీ అర్థం వస్తుంది. తరువాత నోబెల్ బహుమతి పొందిన కమీలో హోసే సేలా ఇటువంటి మాటలను పోగుచేసి 1968లో 'రహస్య నిఘంటువు' అనే గ్రంథం మొదలుపెట్టాడు. మొదటి సంపుటం ఈ మాట వంశానికే సరిపోయింది.

ఇంగ్లీషులోకి దీన్ని తెచ్చినవాడు హెమింగ్వే. ఎద్దుల పోరు మీద 1932లో రాసిన పుస్తకంలో వాడి, చివర పదకోశంలో అర్థమూ ఇచ్చాడు. ఎద్దు ఎదుట నిలిచేవాడి తెగువ అన్నమాట. ఇంగ్లీషులో అదే అర్థానికి సొంత మోటుమాట లేకపోలేదు; కాని అది అందరికీ తెలుసు. పరాయి మాటకు ముసుగుంటుంది. మనం మాత్రం? తెలుగులో అంటే చెంప పగిలే మాట సంస్కృతంలో అంటే వైద్యశాస్త్రమవుతుంది. పైన నేను చేసిన పని అదే.

"మరి ఆడవాళ్ళు అనరా?" అన్నది అమ్మాయి. అన్నారు. 1996 ఫిబ్రవరి 24న క్యూబా యుద్ధవిమానం ఫ్లోరిడా నుంచి వచ్చిన రెండు చిన్న పౌర విమానాలను కూల్చింది. నలుగురు చనిపోయారు. కూల్చినవాడు ఆ ఉత్సాహంలో ఈ మాటే అరిచినట్టు రేడియో సంభాషణల్లో దొరికింది. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి మడలిన్ ఆల్‌బ్రైట్ దాన్ని అందుకుని, ఇది అది కాదు, పిరికితనం అన్నది. స్పానిష్ అక్కడ అధికార భాష. విన్నవారిలో చాలామందికి ముసుగేమీ లేదు. కొందరు నొచ్చుకున్నారు, అధ్యక్షుడు క్లింటన్ మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆమె తప్పు చేసిందనిపించదు. బూతును చావుల మీద జెండాగా ఎగరేసినవాడికి అదే మాట తిప్పికొట్టింది.

2010లో సారా పేలిన్ ఇంకా చిత్రంగా, అరిజోనా గవర్నరు జాన్ బ్రూవర్‌కు అవి ఉన్నాయి, అధ్యక్షుడు ఒబామాకు లేవు అన్నది. బ్రూవర్ స్త్రీ.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "లక్ష్మీబాయికి గుండె చాలులే నాన్నా" అన్నది.

లోపలి నుంచి మా అమ్మ, "ఏమిటే ఆ మాట? నాకూ చెప్పండి" అని కేకేసింది.

"ధైర్యం, మామ్మా!" అన్నది మా అమ్మాయి.