నీలోఫర్ అనే నీలికలువ

తెల్లవారిన చెరువు. పలచని పొగమంచు నీటిని వీడలేక వీడలేక పైకి లేస్తోంది. నూనె రాసినట్టు నిగనిగలాడే గుండ్రని పచ్చటి ఆకుల నడుమ, నీటికి జానెడెత్తున, కోసుగా తేలిన మొగ్గ ఒకటి కదలక మెదలక నిలబడి ఉంది. కవుల కలువ వెన్నెల కోసం వేచి ఉంటుంది. ఈ నీలికలువ మాత్రం పగటి పువ్వు. ఎండ కాస్త వెచ్చబడగానే పచ్చని పైతొడుగు పగులుతుంది. లోపలి నుంచి ఆకాశపు ముక్కలాంటి రేకు ఒకటి, దాని వెనుక మరొకటి, మెల్లమెల్లగా ఒళ్లు విరుచుకుంటాయి. చివర్లలో ముదురు నీలం, మొదళ్లలో పాలతెలుపు, నట్టనడుమ పసుపు దీపం!

మొదటి రోజు ఆ దీపం అడుగున చిన్న తేనెరంగు మడుగు ఉంటుంది. నిజానికి అది తేనె కాదు. పుప్పొడి పూసుకుని వచ్చిన పురుగు అందులోకి జారితే, ఒంటి మీది పొడి కడిగి తీసుకునే తీర్థం. ఒక్కోసారి ఆ అతిథి మునిగిపోతుంది కూడా. మర్నాటికి కేసరాలు ముందుకు వాలి మడుగును కప్పేస్తాయి. నిన్న పుప్పొడిని పుచ్చుకున్న పువ్వు ఇవాళ తానే పంచిపెడుతుంది. ఇంత సుకుమారంలో ఇంత ఏర్పాటు దాచిన సృష్టికర్తకు చేతులు జోడించకుండా ఎలా ఉండగలం!

నీల, ఉత్పలం: నీలోత్పలం. మన్మథుడి అయిదు బాణాల్లో ఒకటి. సంస్కృతం నుంచి ఈ మాట పడమటి దారి పట్టింది. ఇరాన్ నేల మీద పహ్లవీ నోట నీలోపల్ అయింది. కొత్త పారశీకంలో పకారం ఫకారమై, లకారం రకారమై నీలోఫర్‌గా విచ్చుకుంది. అక్కడి ఆడపిల్లలకు ముద్దైన పేరైంది. మాట అరబ్బుల మీదుగా ఇంకా పడమరకు సాగింది. ఫ్రెంచివారు కలువను నెనుఫార్ అంటారు.

పడమటి ఇరాన్‌లో, కెర్మాన్‌షా పక్కన, తాకె బోస్తాన్ కొండ బూడిదరంగు గోడలా నిలబడి ఉంటుంది. కింద చల్లని ఊటనీరు. రాతిలో నాలుగో శతాబ్దపు సాసానీ రాజు రెండో అర్దషీర్ పట్టాభిషేకం. ఆ రాజు వెనుక, తల చుట్టూ కిరణాలు విరజిమ్ముతూ మిత్రదేవుడు. ఆయన పాదాల కింద రేకులన్నీ విప్పుకున్న నీటిపువ్వు! ఎండుకొండ గుండెలో ఆ ఒక్క పువ్వూ పదహారు వందల ఏళ్లుగా వాడలేదు.

వెళ్లిన పేరు ఒకనాడు మన ముంగిటికే తిరిగొచ్చింది. ఇస్తాంబుల్‌లో 1916లో పుట్టిన ఒట్టోమన్ రాకుమారి నీలోఫర్, 1931లో ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాను పెళ్లాడి హైదరాబాద్ కోడలైంది. పరిచారిక ఒకరు కాన్పులో కన్నుమూస్తే ఆమె మనసు విలవిలలాడింది. ఆ దుఃఖంలోంచే 1953లో రెడ్‌హిల్స్‌లో తల్లీబిడ్డల ఆసుపత్రి వెలిసింది. తన కడుపు పండని ఆ తల్లి పేరే దానికి పెట్టారు.

ఇవాళ ఆ గేటు దాటి, పాత చీరముక్క పొత్తిళ్లలో గులాబిరంగు పసిగుడ్డును గుండెకు హత్తుకుని ఒక బాలింత బయటికొస్తుంది. ఆటోలో పక్కన కూర్చున్న పెద్దావిడ అడుగుతుంది, ఎక్కడ పుట్టిందమ్మా అని.

“నీలోఫర్‌లో,” అంటుంది.