విల్నియస్ ప్రధానాలయము

లిథువేనియా రాజధాని విల్నియస్‌లోని కాథలిక్ ప్రధానాలయమును తొలిసారి చూచువారు ప్రాచీన గ్రీకు దేవళమేమో యని భ్రమింతురు. ముందు ఆరు డోరిక్ స్తంభములు. వానిపై త్రికోణపు ముఖభాగము. శిఖరమున స్తనిస్లావ్, హెలెనా, కాసిమిర్ అను మువ్వురు పునీతుల విగ్రహములు.

1769లో పాత ఆలయపు గోపురము కూలి ఆరుగురు మరణించిరి. పునర్నిర్మాణ భారము వాస్తుశిల్పి లౌరినాస్ గుసెవిచియుస్‌పై పడెను. ఆయన పాతదానినంతయు పెకలింపలేదు. 17వ శతాబ్దపు బరోక్ శైలిలోని కాసిమిర్ మందిరమును అట్లే యుంచి, తన నిరాడంబరమైన గోడలతో దానిని కలిపెను. నా దృష్టిలో ఇదియే ఆయన ఘనత. 1798లో ఆయన గతించెను. పని 1801లో ముగిసెను.

సోవియట్ పాలనలో ప్రార్థనలు నిలిచినవి. 1950లో శిఖరమునుండి విగ్రహములను తొలగించిరి. 1956లో ఆలయము చిత్రశాలయైనది. విగ్రహములను దింపిన పాలనయే పటములను గోడల కెక్కించినదన్నమాట! 1989లో ఆలయము మరల ప్రతిష్ఠింపబడెను. శిఖరమున విగ్రహములు మాత్రము 1997 వరకు వెలయలేదు. ఆ యెనిమిదేండ్లును లోపల ప్రార్థనలు జరుగుచుండ, పైకప్పు బోసిగానే యుండెను.