ప్రజారోగ్యమును కాపాడు బోర్డులు – అందలి సభ్యులు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణము నానుకొని హిజ్లీ యను ప్రదేశము కలదు. అచట ఎత్తయిన బురుజుతో కూడిన పాత భవన మొకటి నేటికిని నిలిచియున్నది. 1930లో బ్రిటిషు ప్రభుత్వము దానిని నిర్బంధ శిబిరముగా నేర్పరచి, విచారణ లేకయే పట్టుకొన్న రాజకీయ ఖైదీలను అందుంచెను. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కావలి పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను నిరువురు మరణించిరి. కలకత్తాలో గొప్ప నిరసన సభ జరిగెను. రవీంద్రనాథ ఠాకూరు ఆ ఘోరమును బహిరంగముగా ఖండించెను.

అపుడు బెంగాల్ ప్రభుత్వము ఇద్దరు సభ్యులతో ఒక విచారణ సంఘమును నియమించెను. హైకోర్టు న్యాయమూర్తి ఎస్. సి. మల్లిక్ ఒకరు, జె. జి. డ్రమ్మండ్ అను సివిల్ సర్వీసు అధికారి మరియొకరు. ఇరువురును ప్రభుత్వము నియమించినవారే. అయినను విచక్షణ లేకుండ జరిపిన ఆ కాల్పులకు ఎట్టి సమర్థనయు లేదని వారు నివేదికలో వ్రాసిరి. ప్రభుత్వము నియమించిన సభ్యుడు ప్రభుత్వమునకు రుచింపని మాట చెప్పగలడా యను సందేహము నేటికిని వినవచ్చుచుండును. చెప్పగలడనుటకు హిజ్లీయే సాక్ష్యము. కాని ఆ సంఘము పని అంతటితో ముగిసినది. శిక్షించు అధికారము దానికి లేదు; శిబిరమును మూయించు అధికారమును లేదు. శిబిరము 1937లో మూతపడి, 1940లో మరల తెరువబడి, 1942లో గాని తుదిసారి మూయబడలేదు.

ఆ భవనపు తరువాతి చరిత్రకును ఒక సంఘమే కారణము. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమున నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన 22మంది సభ్యులతో ఏర్పడిన కమిటీ, దేశమున నలుదిక్కుల ఉన్నత సాంకేతిక విద్యాలయములను స్థాపింపవలెనని సూచించెను. వానిలో మొదటిది 1951లో హిజ్లీలోని ఈ పాత శిబిర భవనమునందే ప్రారంభమైనది.

వైద్యరంగమున నిట్టిదే భోర్ కమిటీ. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన ఈ సంఘమే గ్రామములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము అను భావమును ప్రసాదించినది. తొలి దశలో 40,000 జనాభాకు ఒక కేంద్రముండవలెనని దాని సూచన. కర్నూలులో జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఇందొక సభ్యులు. 1959లో నియమింపబడిన తరువాతి ఆరోగ్య పరిశీలక సంఘమునకు వారే అధ్యక్షులైరి.

సంఘము వేరు, బోర్డు వేరు

ఇట్టి సంఘములు ఒక ప్రశ్నను పరిశీలించి, నివేదిక వ్రాసి, విడిపోవును. శాసనము వలన పుట్టిన బోర్డు అట్టిది కాదు. అది శాశ్వతముగా నుండును, సభ్యులు మారుచుందురు. అది అనుమతులిచ్చును, నిరాకరించును, తనిఖీ చేయును. పేరు బోర్డనినను, మండలి యనినను, కమిషన్ అనినను, అథారిటీ యనినను సామాన్యుడు తెలిసికొనవలసినది ఒక్కటియే: దానికి శాసనమిచ్చిన అధికారమేది, ఆ అధికారమును చెలాయించు వారెవరు?

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ ప్రశ్న మిక్కిలి అవసరమైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములవారు వర్క్‌షాపు పనులకును, రైలు ఉద్యోగములకును వచ్చి ఇచట స్థిరపడిరి. ఈ ఊరిలో రైల్వే కాలనీల మురుగు కాలువలును, రైల్వే ఆసుపత్రియు రైల్వేవారి పాలనలోనివి. బస్తీల పారిశుద్ధ్యము 1954లో ఏర్పడిన మునిసిపాలిటీది. హిజ్లీలోని సాంకేతిక విద్యాలయము కేంద్ర ప్రభుత్వ శాసనము క్రింద నున్నది. పట్టణ పరిసరములందలి ఇనుము, ఉక్కు కర్మాగారముల పొగపైనను, మురికినీటిపైనను అధికారము రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. దోమకు గాని, పొగకు గాని ఈ సరిహద్దులు తెలియవు. జ్వరము వచ్చిన కుటుంబమునకును తెలియవు. ఒక ఆఫీసునకు పోయినవారిని మరియొక ఆఫీసునకు పొమ్మనుట ఇట్టి పట్టణములలో వింత కాదు.

కాలుష్య నియంత్రణ మండలిలో ఎవరుందురు?

1974లో పార్లమెంటు జల కాలుష్య నివారణ శాసనమును చేసినది. దానిని బట్టి ప్రతి రాష్ట్రమునందును ఒక మండలి ఏర్పడవలెను. 1981లో వచ్చిన వాయు కాలుష్య శాసనము గాలిని గూర్చిన బాధ్యతను గూడ ఈ మండలికే అప్పగించినది. పశ్చిమ బెంగాల్ మండలి ప్రధాన కార్యాలయము కలకత్తాలోని సాల్ట్ లేక్‌లో నున్నది.

సభ్యులను నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. అధ్యక్షుడు పర్యావరణ రక్షణ విషయములందు ప్రత్యేక జ్ఞానము గాని, అనుభవము గాని కలవాడై యుండవలెను. లేదా అట్టి సంస్థలను నడపిన అనుభవము కలవాడై యుండవలెను. ప్రభుత్వోద్యోగులు అయిదుగురికి మించరాదు. మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థల సభ్యులనుండి అయిదుగురి వరకు తీసికొనవచ్చును. వ్యవసాయము, మత్స్య పరిశ్రమ, పరిశ్రమలు, వర్తకము మున్నగు వాని పక్షమున అనధికారులు ముగ్గురి వరకు నుందురు. రాష్ట్ర ప్రభుత్వ కంపెనీల పక్షమున ఇద్దరు. వీరు గాక పూర్తికాలము పనిచేయు సభ్య కార్యదర్శి యొకడుండును. ఆతనికి కాలుష్య నివారణమునకు సంబంధించిన శాస్త్ర, సాంకేతిక లేక నిర్వహణ జ్ఞానము తప్పనిసరి.

ఈ పట్టికను నిదానముగా చదివినచో ఒక లోపము కనబడును. కాలుష్యము వలన రోగపీడితులగు వారి పక్షమున ప్రత్యేకముగా ఒక స్థానము లేదు. వైద్యునికిని ప్రత్యేక స్థానము లేదు. స్థానిక సంస్థల సభ్యులే ప్రజల గొంతుక యని శాసనకర్తలు తలచిరి కాబోలు. కనుక ఆ అయిదు స్థానములలో ఎవరున్నారో, వారు సమావేశములకు పోవుచున్నారో లేదో విచారించుట ప్రజలకు తగిన పని.

సభ్యుని పదవీకాలము మూడు సంవత్సరములు. హోదాను బట్టి నియమింపబడిన ఉద్యోగి ఆ ఉద్యోగము వీడినంతనే సభ్యత్వమును కోల్పోవును. మండలి మూడు నెలలకొక పర్యాయమైనను సమావేశము కావలెను. తగిన కారణము లేక వరుసగా మూడు సమావేశములకు రాని సభ్యుని స్థానము ఖాళీయైనట్లే. మురికినీటిని శుద్ధిచేయు యంత్రములను అమ్మెడి వ్యాపారమున వాటా కలవాడు సభ్యుడు కారాదని నిషేధము కలదు. యంత్రము కొనవలెనని ఆజ్ఞాపించువాడే దానిని అమ్మువాడైనచో ఏమగునో వివరింప నక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము అనుమతులను గూర్చినది. మురికినీటిని బయటికి వదలు కర్మాగారము మండలి సమ్మతిని పొందవలెను. దరఖాస్తు చేసిన నాటినుండి నాలుగు నెలలలోపల మండలి అవుననిగాని, కాదనిగాని చెప్పనిచో, షరతులు లేకుండ సమ్మతి లభించినట్లే యని 1974 శాసనము చెప్పుచున్నది. దరఖాస్తుదారును ఆఫీసులచుట్టు త్రిప్పకుండుటకే ఈ నియమము ఉద్దేశింపబడినది. కాని దీని మరియొక ముఖమును చూడుడు. తనిఖీ చేయువారు చాలనిచో, అధ్యక్షుని కుర్చీ ఖాళీగానున్నచో, కాలము దానంతటదియే గడచిపోవును. ఆ మౌనమే అనుమతియగును. నది దిగువనున్న గ్రామము త్రాగునది ఆ అనుమతి ఫలితమునే.

కుర్చీ ఖాళీయైనను మండలి చేసిన పని చెల్లునని శాసనము చెప్పుచున్నది. అది న్యాయస్థానములలో చిక్కులు రాకుండుటకు. అంతమాత్రమున ఖాళీ కుర్చీ పనిచేయదు గదా!

నియామకములపై న్యాయస్థానము

ప్రత్యేక జ్ఞానము కలవారిని నియమింపవలెనని శాసనమున్నను, అనేక రాష్ట్రములలో పర్యావరణముతో సంబంధము లేనివారు కేవలము రాజకీయ కారణములచే అధ్యక్షులైరను ఫిర్యాదు జాతీయ హరిత న్యాయాధికరణము ముందునకు వచ్చినది. 2016 ఆగస్టులో ఆ న్యాయాధికరణము నియామకములను పునఃపరిశీలింపుడని రాష్ట్రములను ఆదేశించినది. విషయము సుప్రీముకోర్టునకు పోయినది. 2017 సెప్టెంబరు 22వ తేదీన సుప్రీముకోర్టు, అట్టి ఆదేశమిచ్చు అధికారము న్యాయాధికరణమునకు లేదని దానిని త్రోసివేసినది. కాని నియామకముల పరిస్థితి విచారకరమని గుర్తించి, అర్హతలను గూర్చిన నియమములను ఆరు మాసములలో చేయవలసినదని రాష్ట్రములను ఆదేశించినది. 2024లో వచ్చిన సవరణ శాసనము అధ్యక్షుని నియమించు విధానమును నిర్ణయించు అధికారమును కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. ఈ సవరణ తాముగా అంగీకరించిన రాష్ట్రములకే వర్తించును.

సభ్యులు సక్రమముగా పనిచేయకున్న యెడల ఏమగునో తెలుగుదేశమున వేరుగ చెప్పనక్కరలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పన్నెండుమంది మరణించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఉన్నతాధికార సంఘమును నియమించెను; జులై 6న నివేదిక వచ్చినది. ట్యాంకులోని వేడిని అదుపులో నుంచు ఏర్పాట్లు చాలకుండుట, అపాయమును తెలుపు సైరను మ్రోగింపబడకపోవుట అందు పేర్కొనబడినవి. నివేదిక మేలైనదే. కాని అది మరణముల తరువాత వచ్చినది. ముందుగా చూడవలసినవి శాశ్వత సంస్థలు. సంఘము పనికిని, బోర్డు పనికిని గల భేదము ఇంతకంటె స్పష్టముగా తెలియదు.

రోగి పక్షమున స్థానము

ఇటీవలి శాసనములు కొన్నింటిలో ఈ లోపమును దిద్దిరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ శాసనము క్రింద ఏర్పడు మానసిక ఆరోగ్య సమీక్షా మండలియే ఇందుకుదాహరణము. దాని అధ్యక్షుడు జిల్లా న్యాయమూర్తి స్థాయివాడు. కలెక్టరు ప్రతినిధి యొకడు, మానసిక వైద్యుడొకడు, వైద్యుడు మరియొకడు సభ్యులు. మిగిలిన ఇద్దరు మానసిక వ్యాధి ననుభవించినవారు గాని, అట్టివారిని సాకువారు గాని, వారి సంస్థల ప్రతినిధులు గాని కావలెను. ఆసుపత్రిలో తనను అన్యాయముగా ఉంచిరని రోగి ఈ మండలికి మొరపెట్టుకొనవచ్చును. విచారణ లేక మనుష్యులను బంధించిన హిజ్లీ శిబిరమును తలచినవారికి ఈ రెండు స్థానముల విలువ తెలియును.

ప్రజలు చేయదగినది

కాలుష్య మండలి తానిచ్చిన సమ్మతులను, విధించిన షరతులను ఒక రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. ఆ కర్మాగారము వలన బాధపడువారు ఎవరైనను తగిన వేళలలో దానిని చూడవచ్చును. ఈ హక్కు 1974నుండి యున్నను వినియోగించుకొనువారు తక్కువ.

2005 సమాచార హక్కు శాసనము ననుసరించి, మండలిలో ఎన్ని స్థానములు ఖాళీ, సమావేశములెన్ని జరిగినవి, ఫలానా కర్మాగారమును ఎపుడు తనిఖీ చేసిరి అని అడుగవచ్చును. సమాధానము ముప్పది దినములలో రావలెను. ప్రాణమునకు సంబంధించిన విషయమైనచో నలువదియెనిమిది గంటలలో. ఖరగ్‌పూర్ వంటి పట్టణమున కిందొక గొప్ప సౌకర్యమున్నది. పొరపాటున వేరొక ఆఫీసునకు దరఖాస్తు పెట్టినను, ఆ ఆఫీసువారు అయిదు దినములలో దానిని సరియైన చోటికి పంపవలెను. ఏ కాలువ ఎవరిదో తెలియదని దరఖాస్తును త్రిప్పి పంపుటకు వీలులేదు. అప్పీలు మాత్రము తోవ మారును. రైల్వే విషయమైనచో తుది అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు. మునిసిపాలిటీ, కాలుష్య మండలి విషయములలో రాష్ట్ర కమిషన్‌కు.

ఆ కమిషన్లును నియమిత సభ్యులచేతనే నడచునని మరువరాదు. తెలంగాణలో 2023 ఫిబ్రవరిలో ఉన్న సభ్యుల పదవీకాలము ముగిసిన పిదప, 2025 మే వరకు రాష్ట్ర సమాచార కమిషన్ సభ్యులు లేకయే యుండెను. ఆ రెండేండ్లకు పైగా అప్పీళ్లు వినువారు లేరు. నియామకము ఆలస్యమైనదనుట చిన్న మాటగా వినబడును. అప్పీలు పెట్టినవానికి అది చిన్నది కాదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషాస్థానము నొసంగుటకు ఆమోదించినది. బెంగాలీ, ఇంగ్లీషు రానివారు ఆ విషయమును జ్ఞాపకము చేసి తెలుగులోనే దరఖాస్తు నీయగోరవచ్చును. వ్రాయలేని వారు నోటితో చెప్పినను, సమాచార అధికారి దానిని వ్రాతలో పెట్టుటకు సాయపడవలెనని శాసనము చెప్పుచున్నది. దరఖాస్తు నకలును, తేదీ వేసిన రసీదును భద్రపరచుకొనవలెను. ముప్పది దినముల లెక్కయు, ఆ పిమ్మట అప్పీలు గడువును ఆ తేదీనుండియే నిర్ణయింపబడును.