మందుల గురించి అడిగే ఈ విద్యార్థులు ఎవరు?



నోటుపుస్తకం పట్టుకుని వార్డులో మంచం దగ్గరకు వచ్చి, "అమ్మా, ఇంట్లో ఏయే మాత్రలు వాడుతున్నారు? రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగే పిల్లలను మీరు చూసే ఉంటారు. వీరు డాక్టర్లా, నర్సులా అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. డాక్టరుగారికి అన్నీ చెప్పాం కదా, మళ్ళీ వీళ్ళకెందుకు అని విసుక్కునేవారూ ఉన్నారు. కనుక ఈ సంచికలో వారి చదువు గురించి, ఆ చదువులో మనిషి మనసుకు ఉన్న చోటు గురించి తెలియజేస్తున్నాము.

వీరు ఫార్మ్.డి. విద్యార్థులు. మన దేశంలో ఈ కోర్సు 2008లో మొదలైంది. మొత్తం ఆరేళ్ళ చదువు. అయిదేళ్ళు పాఠాలు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లోను, తక్కిన ఆరు నెలలు మరో మూడు విభాగాలలో రెండేసి నెలల చొప్పున పనిచేస్తారు. ఇంటర్ సైన్సు చదివినవారు, డి.ఫార్మసీ పూర్తిచేసినవారు ఇందులో చేరవచ్చు. బి.ఫార్మసీ అయినవారికి మూడేళ్ళ మార్గం వేరే ఉంది.

మందు దేనితో తయారవుతుంది, ఒంట్లో ఎలా పనిచేస్తుంది అనేవి వారు ఎలాగూ చదువుతారు. వాటితోపాటు రెండో సంవత్సరంలో కమ్యూనిటీ ఫార్మసీ, నాలుగో సంవత్సరంలో హాస్పిటల్ ఫార్మసీ, క్లినికల్ ఫార్మసీ అనే పాఠాలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ఫార్మసీ ప్రాక్టీసు అంటారు. మందు సీసాలోనుండి మనిషి నోటిలోకి వెళ్ళేదాకా, వెళ్ళిన తరువాత కూడా ఏం జరుగుతుందో గమనించే చదువు ఇది.

నర్సింగ్ డిప్లొమాలో మాకు సైకాలజీ అనే పాఠం ఉండేది. ఫార్మ్.డి.లో ఆ పేరుతో విడిగా పేపరు లేదు. కానీ రోగితో ఎలా మాట్లాడాలి, ఇదివరకు వాడిన మందుల వివరం ఎలా రాబట్టాలి, జనం మందులు ఎందుకు మానేస్తారు అనేవి వారి పాఠాలలో ఉన్నాయి. ఇదంతా మనస్తత్వ శాస్త్రమే.

మానేసేవారు కొద్దిమందే అనుకోకండి. ధనిక దేశాలలో సైతం దీర్ఘకాలపు జబ్బులున్నవారిలో సుమారు సగంమందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రచురించిన నివేదిక తెలిపింది. పూర్వం పుస్తకాలలో దీనికి 'కంప్లయన్స్' అనే మాట వాడేవారు, అంటే చెప్పినట్లు వినడం. ఇప్పుడు 'అడ్హిరెన్స్' అంటున్నారు, అంటే తాను కూడా ఒప్పుకుని ఆ మందును అంటిపెట్టుకుని ఉండడం. గద్దించి మింగించే పద్ధతి కంటే ఈ రెండో మాటే మాకు నచ్చింది.

1950ల ప్రాంతంలో అమెరికాలో క్షయవ్యాధి కనిపెట్టడానికి ఎక్స్‌రే తీస్తామంటే చాలామంది ముందుకు రాలేదు. ఎందుకు రాలేదని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖలోని సైకాలజీ నిపుణులు పరిశీలించారు. ఈ జబ్బు నాకు వస్తుందా, వస్తే అంత ప్రమాదమా, ఈ పని చేస్తే లాభమేమిటి, చేయడానికి అడ్డేమిటి అని మనిషి లోలోపల లెక్క వేసుకుంటాడని వారు గ్రహించారు. ఈ ఆలోచనకు 'హెల్త్ బిలీఫ్ మోడల్' అని పేరు.

మన బి.పి. రోగి వేసేదీ ఇదే లెక్క. నొప్పి లేదు, జ్వరం లేదు, పనికి వెళ్తున్నాడు. మాత్రకు డబ్బు అవుతోంది. లాభమేమో కంటికి కనబడదు. అతడు మాత్ర మానేస్తే మొండివాడని కోప్పడి లాభం లేదు. అతని లెక్క ఎక్కడ తప్పిందో చూపాలి.

కొందరు భయంతో మానేస్తారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ వలన మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది రక్తమనుకుని మందు ఆపేస్తారు. ఐరన్ మాత్రలకు విరేచనం నల్లగా అవుతుంది, గర్భిణీలు బెదిరిపోతారు. ఈ రెండూ మామూలే అని ముందే ఒక్క మాట చెబితే సగం భయం పోతుంది. దిగులు జబ్బుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఆ సంగతి తెలియనివారు వారం చూసి, గుణం కనబడలేదని పారేస్తారు. మూర్ఛకు వాడే మాత్రలు నయమైందనుకుని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్ళీ ఎక్కువగా రావచ్చు.

ఇక ఉపవాస ప్రార్థనల సంగతి. గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్ర వేసుకుని భోజనం మానితే రక్తంలో చక్కెర బాగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికీ అంతే. ఉపవాసం ఉండదలచినవారు ఆ రోజు మందు ఎలా వాడాలో డాక్టరును ముందుగా అడగాలి. మందును కూడా మీ అంతట మీరు మానవద్దు.

మానేసినవారు ఆ మాట దాచడం అన్నిటికంటే ప్రమాదం. ఇంట్లో బి.పి. మాత్రలు వేసుకోకుండానే వేసుకుంటున్నామని చెబుతారు. బి.పి. దిగలేదు కనుక మోతాదు చాలలేదని డాక్టరు పెంచుతారు. తరువాత ఏదో జబ్బుతో వార్డులో చేరితే మేము చీటీ ప్రకారం అన్ని మాత్రలూ వేళకు ఇస్తాము. అప్పుడు బి.పి. ఒక్కసారిగా పడిపోయి మనిషి తూలిపోతాడు. అందుకే ఈ విద్యార్థులకు ప్రశ్న అడిగే తీరు నేర్పుతారు. "మందులు వాడుతున్నారు కదా?" అంటే అందరూ ఔననే అంటారు. "చాలామంది ఒక్కోసారి మర్చిపోతుంటారు. పోయిన వారంలో మీకు ఎన్నిసార్లు తప్పింది?" అని అడిగితే నిజం బయటకు వస్తుంది.

అమెరికాలో అక్కడి ఆదివాసుల కోసం నడిచే ఇండియన్ హెల్త్ సర్వీసు ఫార్మసిస్టులు తయారుచేసిన మూడు ప్రశ్నలు ఈ చదువులో పేరుపొందినవి. ఈ మందు దేనికని డాక్టరు చెప్పారు? ఎలా వాడమన్నారు? వాడితే ఏమవుతుందన్నారు? ఈ మూడింటికి మీరు జవాబు చెప్పలేకపోతే సిగ్గుపడవలసిన పనిలేదు, చీటీతో మళ్ళీ అడగండి. విద్యార్థి చెప్పిన తరువాత మిమ్మల్ని తిరిగి చెప్పమంటే అది మీకు పరీక్ష అనుకోకండి. తాను సరిగా చెప్పాడో లేదో చూసుకుంటున్నాడు.

రిజిస్టరైన ఫార్మసిస్టు మందు ఇచ్చేటప్పుడు వాడే విధానం వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు కూడా చెబుతున్నాయి. నిబంధన మంచిదే. సాయంత్రం రద్దీ వేళ మందుల షాపు ముందు నిలబడినవారికి అది ఎంతవరకు జరుగుతుందో తెలుసు.

ఈ విద్యార్థులు మందు రాయరు, మీ మందు మార్చరు. ఏదైనా తేడా కనబడితే డాక్టరుకు, మాకు తెలియజేస్తారు. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలన్నది వారి చదువులో భాగం. వారితో మాట్లాడడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి, మీ వైద్యానికి ఏ లోటూ రాదు.

వచ్చేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. ఆయుర్వేదం, నొప్పి బిళ్ళలు, ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చినవి, పక్కింటివారు పనిచేస్తాయని ఇచ్చినవి, అన్నీ. చీటీ పోయినా ఫరవాలేదు. ఖాళీ షీట్లు పారేయకుండా తెస్తే మాత్ర పేరు, మోతాదు వాటి మీద ఉంటాయి.