కోఠి మేడలో కథలు రాసిన పంతులమ్మలు

హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల బండ్లు, బస్సుల రొద దాటి మహిళా విశ్వవిద్యాలయం గేటు లోపలికి అడుగుపెడితే చెట్ల వెనక నుంచి ఒక మేడ తలెత్తుతుంది. వెడల్పాటి మెట్ల వరస, దానికి అటూ ఇటూ రెండు సింహాలు, పైన ఆకుల నగిషీ చెక్కిన కొరింథియన్ స్తంభాలు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని రెసిడెన్సీగా కట్టించాడు. 1803లో పని మొదలైంది. నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. కిర్క్‌పాట్రిక్ మాత్రం 1805లోనే కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన పెళ్లాడిన ఖైరున్నిసా బేగం పరదా చాటున రంగమహల్ అనే అంతఃపురంలో ఉండేది. మేడ ముందు భాగం ఆమె చూడలేదని, అందుకని అచ్చం అలాంటిదే చిన్న బొమ్మమేడ తోటలో కట్టించాడని చెప్పుకుంటారు. 1857 తిరుగుబాటు రోజుల్లో, జులై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో దాడికి వచ్చింది ఈ రెసిడెన్సీ మీదికే.

ఈ చరిత్ర చాలామందికి తెలుసు. ఇదే గోడల మధ్య పాఠాలు చెబుతూ కథలూ యాత్రా రచనలూ చేసిన ఆడవాళ్ల చరిత్ర అంతగా తెలియదు. నాకు దీని మీదే మక్కువ.

ఆడపిల్లల కోసం 1924లో నాంపల్లిలో ఏడుగురు విద్యార్థినులతో మొదలైన కళాశాల 1949లో ఈ మేడకు చేరింది. మరో మూడేళ్లకు, 1952లో, ఇరవై రెండేళ్ల నాయని కృష్ణకుమారి ఇక్కడ తెలుగు చెప్పడానికి వచ్చారు. గుంటూరులో 1930 మార్చి 14న పుట్టారు. తండ్రి నాయని సుబ్బారావు భావకవుల్లో పేరున్నవాడు. విశాఖలో ఎం.ఏ. చదివి, మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో కొద్దికాలం పనిచేసి హైదరాబాద్ చేరారు. అప్పటికే ఆమె రచయిత్రి. ‘ఆంధ్రుల కథ’ రాసేనాటికి వయసు పద్దెనిమిది. ఈ కళాశాలకు మాతృసంస్థ అయిన ఉస్మానియా అంతకుముందు మూడు దశాబ్దాల పాటు ఉర్దూ మాధ్యమంలో నడిచిన విశ్వవిద్యాలయమన్న సంగతి గుర్తుంచుకుంటే, అక్కడ ఒక తెలుగు పంతులమ్మ ముందున్న పని ఎంతటిదో తెలుస్తుంది.

తరగతి గదిలో ప్రబంధాలు చెప్పిన మనిషి పరిశోధనకు ఎంచుకున్నది జానపద గేయగాథలను. ఏ పుస్తకంలోనూ చోటు దొరకని పాటలు అవి. తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర, పొలం గట్ల మీద ఒక నోటి నుంచి ఇంకో నోటికి నడిచి వచ్చిన కథలు. విశ్వవిద్యాలయం వాటికి పీట వేయడంలో ఆమెది పెద్ద చెయ్యి. ఇంకోవైపు ‘అగ్నిపుత్రి’ కవితలు, ‘ఆయాత’ కథలు. వీటన్నిటి పక్కన ‘కాశ్మీర దీపకళిక’ను పెట్టి చూడాలి. తెలుగులో యాత్రా రచన అనగానే ఏనుగుల వీరాస్వామయ్యతో మొదలుపెట్టి మగవాళ్ల పేర్లే వరసగా చెబుతాం. ఒక కళాశాల అధ్యాపకురాలు కాశ్మీరు వెళ్లి వచ్చి పుస్తకం రాయడం ఆ వరసను కదిలించిన పని. చివరికి ఆమె తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. 2016 జనవరి 30న వెళ్లిపోయారు.

ఇదే కళాశాలలో పాకాల యశోదారెడ్డి కూడా తెలుగు చెప్పారు. అప్పటి పాలమూరు జిల్లా బిజినేపల్లి ఆడపడుచు. చిత్రకారుడు పి.టి. రెడ్డి ఆమె భర్త. డాక్టరేటు తెలుగు హరివంశాల మీద, అంటే ఎర్రన, నాచన సోమనల మీద. కథలకు కూర్చుంటే మాత్రం కలంలోంచి పాలమూరు పల్లె మాట్లాడేది. ‘మా ఊరి ముచ్చట్లు’ 1973లో వచ్చింది. ఆ రోజుల్లో అచ్చులో తెలంగాణ నుడికి ఉన్న మర్యాద తక్కువ. నాచన సోమనను కొట్టిన పిండి చేసుకున్న విదుషి పూనుకుని అవ్వల మాటను అవ్వలు పలికినట్టే కాగితం మీద పెట్టడం వల్ల, దాన్ని మొరటని తోసెయ్యడం ఎవరికీ అంత సులువు కాలేదు. నా లెక్కలో ఆమె చెప్పిన అతి పెద్ద పాఠం అదే. ఒకరు ఊరు దాటి కాశ్మీరు దాకా చూపు సాచారు, ఇంకొకరు పుట్టిన ఊరి నుంచి చెవి తిప్పుకోలేదు. ఇద్దరి జీతం, హాజరు పట్టీ ఒకే కళాశాలవి.

మేడ ఆ తర్వాత బాగా శిథిలమైంది. 2002లో ప్రపంచ స్మారక నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాక 2023లో దర్బారు హాలు మళ్లీ తెరుచుకుంది. తల పైకెత్తి చూడండి. కప్పు మీది అలంకారంలో కాగితపు గుజ్జుతో చేసిన పనితనం ఉంది. రెండు పాయలుగా చీలి పైకి వంపు తిరిగే మెట్ల దారి దగ్గర కూడా కాసేపు ఆగాలి. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది.

మెట్రోలో వచ్చేవాళ్లు ఎరుపు మార్గంలోని ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గర. చదువులు నడిచే ప్రాంగణం కనుక కార్యాలయంలో అనుమతి అడిగే లోపలికి వెళ్లాలి. ఈ రచయిత్రుల పుస్తకాలు దుకాణంలో దొరక్కపోతే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో అడగండి. కోఠి నుంచి నడిచి వెళ్లేంత దూరమే.