ఈజిప్టు శిల్పుల మాదిరి బొమ్మలు

ప్రాచీన ఈజిప్టు శిల్పాలను చూచినవారికి ఒక సందేహం కలుగుతుంది. దూరదూరాన ఉన్న ఆలయాలలో, వేరువేరు శిల్పులు చెక్కినా, ఒకే రాజు ముఖం ఒకే పోలికతో ఎట్లా వచ్చినది? రాజు ప్రతి శిల్పి ఎదుటా కూర్చుండలేదు గదా! దీనికి సమాధానం గళ్ళ లెక్కలోనూ, మాదిరి బొమ్మలలోనూ ఉన్నది.

మొదట గళ్ళ సంగతి. చెక్కబోయే రాతి మీద ఎర్రరంగుతో నిలువు గీతలు, అడ్డు గీతలు గీసేవారు. మన ఇండ్లలో ముగ్గుకు ముందు చుక్కలు పెట్టినట్లే ఇది కూడా. నిలుచున్న మనిషికి అరికాలు నుండి నుదుటిపై జుట్టు మొదలయ్యే చోటు వరకు 18 గళ్ళు. తరువాతి కాలంలో కంటి పైరెప్ప వరకు 21 గళ్ళు లెక్కించారు. బొమ్మ జానెడైనా తాటిచెట్టంతైనా లెక్క మారదు.

ఇక మాదిరి బొమ్మలు. క్రీ.పూ. 7వ శతాబ్దం నుండి చేసిన చిన్న సున్నపురాతి తలలు, పలకలు అనేక మ్యూజియంలలో కలవు. కొన్నింటిలో ముఖం నునుపుగా పూర్తయి, తక్కిన భాగం మోటుగానే ఉంటుంది. వెనుకవైపు గళ్ళ గీతలు కనిపిస్తాయి. పని ఏ వరుసలో నడిచేదో వీటిని చూస్తే తెలుస్తుంది. అయితే వీటిలో కొన్ని దేవతలకు మొక్కుబడిగా సమర్పించినవి కావచ్చునని కూడా పండితుల అభిప్రాయం.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ పద్ధతి ఉన్నదనుటకు అమర్నా నగరం సాక్ష్యం. అక్కడ థట్మోస్ అనే శిల్పి కార్ఖానాలో, 1912 డిసెంబరు 6న, లుడ్విగ్ బోర్కార్ట్ నాయకత్వాన త్రవ్వకాలు జరిపిన జర్మన్ బృందానికి నెఫర్తీతి రాణి ప్రతిమ దొరికినది. అది సున్నపురాతిపై జిప్సం పూసి రంగులు వేసినది. ఎడమకంటిలో పాప లేదు. శిల్పులు చూచి చెక్కుటకు ఉంచుకొన్న మాదిరి ఇదేనని పలువురి అభిప్రాయం. అక్కడ జిప్సం ముఖాలు కూడా 20కి పైగా దొరికినవి. అసంపూర్ణంగా మిగిలిన రాతి తలలపై దిద్దుబాటుకు గీసిన నల్లసిరా గీతలు నేటికీ చెరగలేదు.

నెఫర్తీతి భర్త అఖెనాతెన్ మరణించిన కొద్ది ఏండ్లకే ఆ నగరం పాడుపడినది. ఆయన కొత్త మతాన్ని ద్వేషించినవారు ఆలయాలలోని ఆయన విగ్రహాలను పగులగొట్టారు. పూజలందుకొన్న శిల్పాలు ముక్కలైనవి. కార్ఖానాలో పనివారి కోసం ఉంచిన మాదిరి మాత్రం మట్టిక్రింద భద్రంగా నిలిచి, నేడు బెర్లిన్ మ్యూజియంలో లోకానికంతటికీ ఆ రాణి ముఖాన్ని చూపుతున్నది.