మీకు తెలుసా? వెనక షాక్‌లు మార్చే ముందు

• వెనక షాక్ అడుగున ఉండే మెట్ల రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని మెకానిక్ షెడ్లలో కూడా అంటుంటారు. గట్టిపడదు. మామూలు స్ప్రింగు బలం తీగ మందాన్ని, చుట్టు వెడల్పుని, చుట్ల సంఖ్యని బట్టి ఉంటుంది. రింగు వాటిలో దేన్నీ మార్చలేదు. బండి వెనకభాగాన్ని కాస్త పైకెత్తుతుంది, అంతే.

• కొత్త షాక్‌లు కావాలో వద్దో చెప్పేది టేపు. మెయిన్ స్టాండు వేసి, చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిటారుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. స్టాండు తీసి, మీరెక్కి కూర్చున్నాక ఇంకొకరి చేత మళ్ళీ కొలిపించండి. తేడా చక్రం మొత్తం కదలికలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూ ఉండాలి. 80 మి.మీ. కదలిక ఉన్న బండికి 25 దాకా అన్నమాట. రింగు చివరి మెట్టుకి తిప్పినా అంతకంటే బాగా కుంగుతుంటే మీ బరువుకి ఆ స్ప్రింగు చాలదు. ఈ ఐదు నిమిషాల పని చెయ్యకుండానే వేలు పోసి బంగారు రంగు డబ్బాలున్న షాక్‌లు కొనేస్తుంటారు!

• బుల్లెట్‌కి స్వింగ్ ఆర్మ్, జంట షాక్‌లు 1948 నాటి నమూనాలోనే ఉన్నాయి. వెనక చక్రాన్ని కదలకుండా ఫ్రేముకే బిగించిన బళ్ళు పోటీల్లో రాజ్యమేలే రోజులవి. ఆ ఏడాది ఇటలీలో, శాన్ రెమో ఆరు రోజుల పోటీలో బుల్లెట్లు బంగారు పతకాలు తెచ్చాయి.

• షాక్‌లో నైట్రోజన్ నింపేది మెత్తదనానికి కాదు. పిస్టన్ జోరుకి ఆయిల్ నురగెత్తితే కుదుపుని ఆపే శక్తి పోతుంది. గ్యాసు ఒత్తిడి ఆ నురగని రానివ్వదు. లోపల అంత ఒత్తిడి ఉంటుంది కాబట్టే గ్యాసు షాక్ డబ్బాని ఇంట్లో విప్పకూడదు.

• జంట షాక్‌లని ఒక్కొక్కటిగానే మార్చాలి. ఒకటి విప్పినా రెండోది స్వింగ్ ఆర్మ్‌ని పట్టి ఉంచుతుంది, కొత్తది సులువుగా కూర్చుంటుంది. రబ్బరు బుష్‌కి మామూలు గ్రీజు పూస్తే ఉబ్బిపోతుంది, సబ్బునీళ్ళు చాలు.

• పొడుగు షాక్‌లు వేస్తే హెడ్‌లైటు వెలుగు కిందికి దిగుతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, చైను బిగువు మళ్ళీ చూసుకోవాలి. మెయిన్ స్టాండు వేసినా చక్రం నేలకి తగులుతూనే ఉండొచ్చు. ఇక పంక్చరు పడితే స్టాండు కింద చెక్క ముక్క పెట్టాల్సిందే.